మా నాన్న దుంగ

గౌస్ బాషా నన్ను మొదటిసారి "గారూ" అన్నది తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో, వాడి మిరపచేను గట్టు మీద. అప్పటికి మా స్నేహానికి నలభై ఏళ్ళు. ఆ నలభై ఏళ్ళలో వాడు నన్ను ఒరేయ్ అన్నాడు, సన్నాసీ అన్నాడు, నా పెళ్ళిపందిట్లో పురోహితుడి ముందే "ఏరా దున్నా, కాళ్ళకి ఆ మట్టేంట్రా, కడుక్కుని కూర్చో" అన్నాడు. నేనూ తక్కువ తినలేదు. మేమిద్దరం మామూలుగా మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్ళు తగాదా అనుకుని విడదీయడానికి వచ్చేవాళ్ళు. అలాంటివాడు ఆ రోజు భుజం మీది కావడి దించి, చెమట తుడుచుకుని, నా మొహంలోకి చూడకుండా అన్నాడు.

"రండి ప్రెసిడెంటు గారూ. మా చేను చూట్టానికొచ్చారా?"

చెప్పుతో కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. చెప్పుతో కొట్టాలంటే మనిషి దగ్గరికైనా రావాలి కదా. వాడు నాకు పది గజాల దూరంలోనే నిలబడి, మళ్ళీ కావడి ఎత్తుకుని చేలోకి వెళ్ళిపోయాడు.

మాది దర్శికి తొమ్మిది మైళ్ళ దూరంలో, సాగర్ కాలువకు చిట్టచివరన ఉన్న ఊరు. చివర అంటే ఏమిటో ఎగువవాళ్ళకు తెలియదు. కాలువకు నీళ్ళు వదిలారని పేపర్లో చదివి, పేపరు మడిచి పక్కన పెట్టి, మళ్ళీ మబ్బుకేసి చూసే ఊరన్నమాట. మమ్మల్ని ఏనాడూ కాలువ బతికించలేదు, ఊరి పక్క వాగు బతికించింది. కార్తీకం వానలు వెనకపట్టగానే, వాగు సన్నబడేలోపు, ఊరంతా ఒకరోజు దిగి అడ్డుకట్ట వేసేవాళ్ళం. ఇసుకలో గోతులు తీసి, తాటిదుంగలు రెండు వరసలుగా నిలబెట్టి, మధ్యలో తాటాకు తడకలు పెట్టి బంకమట్టి కూరి తొక్కేవాళ్ళం. ఆ నిలవనీళ్ళతోనే మిరపకి పుష్యంలో ఒక తడి, మాఘంలో ఒక తడి. ఆ రెండు తడులూ పడితే కాయ ఎర్రగా నిగనిగలాడుతుంది. పడకపోతే తాలు. తాలు అంటే తెల్లగా పాలిపోయి, లోపల సత్తువ లేక గలగలలాడే కాయ. దాన్ని కొనేవాడు కూడా మొహం చిట్లించి కొంటాడు.

ఆ దుంగలకో పద్ధతి ఉంది. మా ఊళ్ళో ఎవడైనా తండ్రి చాటు నుంచి బయటికొచ్చి సొంతంగా సేద్యం మొదలుపెడితే, ఆ ఏడు కట్టకి ఒక తాటిదుంగ ఇవ్వాలి. సొంత పొలమా, కౌలా అని ఎవరూ అడగరు. దుంగ మీద వాడి గుర్తు చెక్కాలి. మా నాన్న దుంగ మీద మూడు అడ్డగీతలు. గౌస్ వాళ్ళ తాత దుంగ మీద నెలవంక. చేవదేలిన తాటిమాను కాబట్టి మనిషి పోయినా దుంగ పోదు. వేసవిలో పీకి, ఒడ్డున తుమ్మచెట్ల కింద పేర్చి, మళ్ళీ కార్తీకానికి తీసేవాళ్ళం. మొత్తం ముప్పై ఆరు. "ఇవతల మీ నాన్నని పట్టుకోరా", "మా తాతని జాగ్రత్తగా దించండ్రా" అంటూ ఆ రోజంతా ఒకటే గోల.

ఇక నా సంగతి. నేను ఇరవై ఏళ్ళు పార్టీ జెండా మోశాను. ఊరికే మోయడం కాదు, ఒళ్ళు మరిచి మోశాను. పెద్దాయన దర్శి వైపు వస్తున్నాడంటే నాకు అన్నం సహించేది కాదు. మా ప్రాంతంలో ఆ పార్టీకి ఆయనే అన్నీ, అందుకే పెద్దాయన అనేవాళ్ళం. ట్రాక్టర్లు మాట్లాడటం నేనే, జనాన్ని ఎక్కించడం నేనే, జై కొట్టించడం నేనే. నాకున్న నాలుగెకరాలు ఎవరు దున్నారో, ఎవరు కలుపు తీయించారో నాకు తెలియదు. అన్నీ నా భార్య సుబ్బరావమ్మే చూసుకుంది. "ఏమయ్యా, మన చేనెక్కడుందో నీకు దారి తెలుసా, పార్టీ వాళ్ళనెవర్నన్నా తోడివ్వమంటావా?" అని వెటకారం చేసేది. నేను నవ్వేవాణ్ణి. నవ్వేవాణ్ణండీ, సిగ్గులేని జన్మ!

తొంభై ఏడులో నీటి సంఘాల ఎన్నికలొచ్చాయి. పెద్దాయన నన్ను నిలబెట్టాడు, గెలిచాను. కాలువ చివరి భాగానికి ప్రెసిడెంటునయ్యాను. మరుసటి వేసవిలో కాలువ పూడికతీత పని వచ్చింది. కాంట్రాక్టు ఎవరికి? పెద్దాయన బావమరిది లక్ష్మీకాంత్‌కి. ఒకరోజు పొద్దున్నే తెల్లచొక్కా, చల్వ కళ్ళద్దాలతో మా ఇంటి ముందు జీపు ఆపి, "రా అన్నా, పని చూద్దువుగాని" అని నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. మొదటి ఫర్లాంగు కాలువ అద్దంలా ఉంది. "మిగతాదీ ఇంతేనన్నా. ఎండన పడి తిరగడమెందుకు?" అని పుస్తకం నా ఒళ్ళో పెట్టాడు. పూడిక మొత్తం తీశారని అందులో రాసుంది. కింద సంతకం పెట్టాను.

డబ్బు తీసుకున్నానా? ఒక్క పైసా లేదు. తీసుకుని ఉంటే కనీసం దొంగనని నాకైనా తెలిసేది. ఆ జీపు ముందు సీటుకే నేను అమ్ముడుపోయాను. మా ఊరి వాళ్ళంతా అరుగుల మీద నుంచి చూస్తుండగా ఆ సీట్లో కూర్చుని ఊరు దాటాను. అంతే నా ఖరీదు.

ఆ అక్టోబరులో మా ఊళ్ళో పెద్దాయన సభ పెట్టాం. వేదికకి దుంగలు కావాలన్నాడు లక్ష్మీకాంత్. "వాగు ఒడ్డున ఉన్నాయిగా అన్నా, వాడుకుని ఇచ్చేద్దాం." గౌస్ అడ్డం పడ్డాడు.

"ఒరేయ్ యలమందా, అవి ఊరివిరా, నీ అత్తగారు పెట్టినవి కాదు. కట్ట వేళకి రాకపోతే ఏం చేస్తాం?"

"ఇంక కట్టెందుకురా? పుష్యానికల్లా చివరిదాకా నీళ్ళిస్తానని పెద్దాయన మాటిచ్చాడు. నీకు నా మీద నమ్మకం లేదంట్రా?"

"నీ మీద ఉందిరా. నా భయమంతా అదే," అన్నాడు గౌస్.

దుంగలు పోయాయి. వేదిక లేచింది. పెద్దాయన దాని మీద నిలబడి, "ఈ ఊరి రైతు ఇక వాగులో బురద తొక్కాల్సిన పనిలేదు. ఇది నా వాగ్దానం" అన్నాడు. ఆయన నిలబడ్డ చోట, పాదాలకి సరిగ్గా కింద, మూడు అడ్డగీతలు నాకు కనపడుతూనే ఉన్నాయి. మా నాన్న దుంగ మీద నిలబడి ఆయన అబద్ధమాడాడు. నేను చప్పట్లు కొట్టాను. తర్వాత నేనే మైకు పుచ్చుకుని, ఈ ఏడు కట్ట వేసే పనిలేదని ఊరందరికీ చెప్పాను.

నా మాట నమ్మి ఊరంతా మిరప వేసింది. గౌస్ గాడికి సొంత పొలం అరెకరం. నా మాట మీద ఇంకో రెండెకరాలు కౌలుకి తీసుకుని వేశాడు.

పుష్యం వచ్చింది. కాలువకు నీళ్ళు వదిలారు. ఊరికి మూడు మైళ్ళ ఎగువన వంతెన ఉంది. నీళ్ళు ఆ వంతెన దాకా వచ్చి, తుంగా జమ్మూ అడ్డం పడి ఆగిపోయాయి. పరుగెత్తాను. అక్కడ కాలువకి కాపలా ఉండే లష్కరు గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"ఏందయ్యా, నీళ్ళు కిందికి పోవే?"

"ఎట్టా పోతయ్యండీ? పూడిక తీసినకాడికి వచ్చినయి. తియ్యనికాడ ఆగినయి."

"తీశారు కదయ్యా!"

వాడు చుట్ట తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "తీసినట్టు సంతకం పెట్టింది మీరేగా?"

లష్కరు మొహం చూడలేక కాలువలోకి చూశాను. మనిషెత్తు జమ్ము. వాగులో నీళ్ళు అప్పటికే మడమ లోతుకి వచ్చాయి. కట్ట వేద్దామంటే దుంగలు లేవు, సభ అయ్యాక లక్ష్మీకాంత్ తోలుకుపోయినవి తిరిగి రాలేదు. చేతులు కాలాయి, పట్టుకోవడానికి ఆకులు కూడా మిగల్లేదు.

మాఘం నాటికి ఊరి చేలన్నీ వాలిపోయాయి. ఉన్నవాళ్ళం ఏడ్చి ఊరుకున్నాం. గౌస్, వాడి భార్య లాల్‌బీ మాత్రం ఊళ్ళో బోరింగు దగ్గర నీళ్ళు కొట్టి, కావళ్ళతో మోసి, మొక్కకో చెంబు చొప్పున పోశారు. రెండున్నర ఎకరాలకి కావడి నీళ్ళు! పదిహేను రోజులు మోశారు. లాల్‌బీ భుజం కాయ కాసింది. అయినా మూడొంతులు తాలే అయింది. వాడు నన్ను "గారూ" అన్నది అప్పుడే.

ప్రతి ఏడూ తొలికోత పండుమిరపకాయలతో లాల్‌బీ పచ్చడి తొక్కి ఒక జాడీ మా ఇంటికి పంపేది. ఆ జాడీ వచ్చిన రోజు మా ఇంట్లో కూర వండేవాళ్ళం కాదు. ఆ రోజు గౌస్ వెళ్ళిపోయాక నేను గట్టు మీద నుంచి కదలకపోతే, లాల్‌బీ బిందె చంకనెత్తుకుంటూ, "ఈ ఏడు పచ్చడికి కాయ లేదన్నా. వదినకి చెప్పు," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఒళ్ళు మండి పెద్దాయన ఊరికి వెళ్ళాను. వాకిట్లో రెండు గంటలు నిలబెట్టి, లోపలికి పిలిచి, "నీళ్ళదేముంది యలమందయ్యా, వచ్చే ఏడు ఇప్పిద్దాం. ఎన్నికలొస్తున్నాయి, మీ ఊళ్ళో మన బలం ఎట్లా ఉంది?" అన్నాడు. పోయినవి నా చేలు, ఆయన అడిగింది నా ఓట్లు. దున్నపోతు మీద వాన కురిసినట్టే అనుకుని, కనీసం దుంగలైనా తెచ్చుకుందామని లక్ష్మీకాంత్ పొలం వెళ్ళాను.

అప్పుడు పొగాకు కాల్చే రోజులు. లక్ష్మీకాంత్ బ్యారన్ కొట్టంలో పొయ్యి ధగధగా మండుతోంది. పక్కన రంపంతో కోసిన మొద్దులు గుట్టగా పడున్నాయి. పైమొద్దు మీద మూడు అడ్డగీతల్లో రెండే ఉన్నాయి. మూడోది అప్పటికే పొయ్యిలో ఉంది. ఏరు దాటి తెప్ప తగలేసే వాళ్ళుంటారని సామెతగా విన్నాను. కళ్ళారా చూడటం అదే మొదలు.

"ఇవి మా ఊరి దుంగలు," అన్నాను.

లక్ష్మీకాంత్ నవ్వాడు. "పాతమొద్దులేగా అన్నా. కావాలంటే రెండు మోపులు సరుగుడు కట్టెలు పంపిస్తాలే."

వాడి గొంతు పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. మిగిలిన ముక్క చంకలో పెట్టుకుని నడిచి వచ్చాను. దారిపొడవునా బూతులు తిట్టుకుంటూ వచ్చాను. వాణ్ణి కాదు, నన్నే.

మర్నాడు కలెక్టరుకి అర్జీ రాశాను. పూడిక తీయలేదు, తీశారని నేను చూడకుండా సంతకం పెట్టాను, మొదటి తప్పు నాదే, నాతో మొదలుపెట్టి అందరినీ విచారించండి అని రాశాను. సుబ్బరావమ్మ చదివించుకుని విని, "ఇరవై ఏళ్ళకి ఒక నిజం రాశావు. పోస్టు చెయ్యి," అంది.

విచారణకి ముగ్గురు ఆఫీసర్లు వచ్చారు. ఎక్కడ దిగారు? లక్ష్మీకాంత్ ఇంట్లో. ఎక్కడ తిన్నారు? అక్కడే, కోడికూరతో. సాయంత్రం వంతెన దాకా వచ్చి, కాలువలోకి ఒకసారి తొంగి చూసి వెళ్ళిపోయారు. రెండు నెలలకి కాగితం వచ్చింది. పూడిక తీసిన మాట వాస్తవమట. తర్వాత వానలకి మళ్ళీ పేరుకుందట. చూడకుండా సంతకం పెట్టానని నేనే ఒప్పుకున్నాను కాబట్టి బాధ్యతారాహిత్యం కింద నన్ను పదవి నుంచి తీసేశారట. థూ! అంత పెద్ద దొంగతనంలో వాళ్ళకు దొరికిన దొంగని నేనొక్కణ్ణే.

కాగితం తెచ్చి సుబ్బరావమ్మ ముందు పడేశాను. ఆమె పాలచెంబు కింద పెట్టి ఫక్కున నవ్వింది. "పోనీలేవయ్యా. ఇరవై ఏళ్ళకి మొగుడు ఇల్లు చేరాడు. రేపటి నుంచి గేదె నీది."

గేదె నిజంగానే నాది అయింది. మొదటి రోజు తన్నింది. నాలుగో రోజు పాలిచ్చింది. తెల్లవారుజామున చెంబు అడుగుకి పాలధార తగిలే చప్పుడు, చెంబు నిండేకొద్దీ ఆ చప్పుడు మారిపోవడం, నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, అప్పుడే మొదటిసారి విన్నాను. శ్రావణంలో మిరప నారు పోశాం. నారుమడిలో కలుపు ఏదో మొక్క ఏదో తెలియక నేను రెండూ పీకేస్తే ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది. పీకినవి కొన్ని తిరిగి నాటించింది. అవి బతికాయి. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని జొన్నసంగటి, పచ్చిఉల్లిపాయ తింటుంటే, ఇదే గట్టు మీద ఈ మనిషి ఇరవై ఏళ్ళు ఒక్కతే తిన్నదని గుర్తొచ్చి ముద్ద గొంతుకడ్డం పడింది. "నీళ్ళు తాగు. ఉపన్యాసం ఇవ్వకు," అంది ఆమె.

సుఖంగా ఉంది. సుఖంగా ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది. కోపం మాత్రం తగ్గలేదు, తగ్గాలని నేను కోరుకోనూ లేదు. పేపరు చూస్తే మండేది, రేడియో వింటే మండేది, గోడ మీద పెద్దాయన బొమ్మ చూస్తే అరికాలి మంట నెత్తికెక్కేది. అన్నిటికన్నా గౌస్ గాడు ఎదురుపడి, పక్కకి తప్పుకుని, "వెళ్ళండి ప్రెసిడెంటు గారూ," అన్నప్పుడు. పదవి ఊడిపోయాక కూడా వాడు దాన్ని ఊడనివ్వలేదు.

కార్తీకం వచ్చింది. ఎన్నికల్లో పెద్దాయన పార్టీ గెలిచింది. ఆయనకి ఏదో పెద్ద పదవి కూడా వచ్చింది. వాగులో నీళ్ళు నడుము లోతున పోతున్నాయి. నేను గడపగడపకీ తిరిగాను. ఒకప్పుడు జెండాలతో ఎక్కిన గడపలే.

"ఆదివారం కట్ట వేద్దాం."

"దుంగలేవి?" అన్నారు అందరూ. ఆ ఒక్క మాటే. ఇంటికొచ్చి గొడ్డలి తీసుకుని మా పొలంగట్టు మీది తాటిచెట్లు రెండు కొట్టాను. అది చూసి పక్కింటివాళ్ళు ఒకటి కొట్టారు. వారం తిరిగేసరికి వాగు ఒడ్డున ఇరవై తొమ్మిది దుంగలు పడ్డాయి. గౌస్ ఇంటికి ఆఖరున వెళ్ళాను. వాకిట్లో పలుపు పేనుతున్నాడు.

"ఆదివారం కట్ట," అన్నాను.

"మీరు చెబితే ఎందుకు రాం ప్రెసిడెంటు గారూ? పోయినేడు మీరు చెబితేనే కదా మానేశాం," అన్నాడు తలెత్తకుండా.

ఆ ఏడు వాడు చేసింది తన అరెకరమే. తెచ్చివ్వడానికి వాడికి తాటిచెట్టూ లేదు. నేను కొట్టిన రెండు తాటిదుంగల్లో ఒకదాని మీద మూడు అడ్డగీతలు చెక్కాను. రెండో దాని మీద, పశువుల కొట్టంలో కూర్చుని ఉలితో నెలవంక చెక్కాను. నా చేతికి ఉలి అలవాటు లేదు, వేలు తెగింది. నెలవంక కాస్తా కొడవలిలా వచ్చింది.

ఆదివారం పొద్దున్నే ఊరు వాగులో దిగింది. ఏడు ట్రాక్టర్లు చెరువుమట్టి తోలుతున్నాయి. తొమ్మిది గంటలకి దుమ్ము లేపుకుంటూ జీపు వచ్చి ఒడ్డున ఆగింది. అవే చల్వ కళ్ళద్దాలు. ఆ రోజే మండలంలో పెద్దాయనకి సన్మానసభ, ఊరికి ఏడు ట్రాక్టర్ల జనం రావాలని వారం క్రితమే కబురొచ్చింది. నేను బదులివ్వలేదు.

"ఏందన్నా ఇది? అక్కడ పెద్దాయన ఎదురుచూస్తుంటే ఇక్కడ పిల్లలాటలా?" అన్నాడు లక్ష్మీకాంత్. తర్వాత నన్ను పక్కకి లాగి, అందరికీ వినపడేంత గట్టిగానే, "జరిగింది మర్చిపో. వచ్చే సంఘానికి మళ్ళీ నువ్వే ప్రెసిడెంటువి, పెద్దాయన చెప్పమన్నాడు. ఒక్కమాట చెప్పి ట్రాక్టర్లు ఎక్కించు. నీ మాట వింటారు."

"నా మాట విని ఒకసారి మునిగారు. చాలు."

వాడి నవ్వు పోయింది. "చూడు యలమందయ్యా. ఆ పుస్తకంలో సంతకం నీది. ఇంకా ఎవరూ పోలీసు కేసు పెట్టలేదు. పెడితే జైలుకి పోయేది నువ్వు, నేను కాదు."

వాగులో పారలు ఆగిపోయాయి. అందరూ మా వైపే చూస్తున్నారు.

"పెట్టరా కేసు! సంతకం నాదే. కాదన్నానా? చూడకుండా పెట్టాను, నీ దిక్కుమాలిన జీపులో కూర్చోవడానికి పెట్టాను. వినండర్రా అందరూ! కాలువ ఎండింది నా సంతకంతో. కట్ట మాన్పించింది నా నోటితో. మన తాతల దుంగలు వీడి బ్యారన్‌లో తగలబడ్డాయి, పంపింది నేను. నన్ను జైల్లో వేస్తారా, వెయ్యండి. నా సంగతి తర్వాత. ముందు ఈ జీపు తియ్యి. అది మట్టి పోసే చోటు!"

ఇంతలో ట్రాక్టరు మీదున్న కోటేష్, నిన్నమొన్నటి దాకా నాతో జై కొట్టినవాడే, బండిని వెనక్కి నడిపి ట్రక్కు ఎత్తాడు. ట్రక్కు మట్టి జీపు ముందు చక్రానికి మూరెడు దూరంలో దబ్బున పడింది. కళ్ళద్దాల మీద దుమ్ము తుడుచుకుంటూ లక్ష్మీకాంత్ జీపెక్కాడు. "నీ సంగతి చూస్తా," అన్నాడు. ఆ ఒక్కమాట మాత్రం వాడు నిలబెట్టుకున్నాడు.

గౌస్ దూరంగా తడక కడుతున్నాడు. నా కేకలన్నీ విన్నాడు. నేను నెలవంక దుంగ భుజానికెత్తుకుని వాగులో దిగాను. మొల లోతు నీళ్ళు చల్లగా కోస్తున్నాయి. ముందే తీసిన గోతిలోకి దుంగని దించి, ఇసుక కూరడం మొదలుపెట్టాను.

"ఒరేయ్!"

వాగు అవతలి ఒడ్డుదాకా వినపడింది.

"ఒరేయ్ యలమందా! కళ్ళు దొబ్బినయ్యంట్రా? మొదలు పైకి పెట్టి చివర పాతుతున్నావు! దుంగ ఎట్టా పాతాలో కూడా మర్చిపోయావంట్రా సన్నాసీ!"

తడక అక్కడే పారేసి, నీళ్ళు చిమ్ముకుంటూ గౌస్ వచ్చాడు. వచ్చి దుంగ మీద చెయ్యి వేశాడు. నెలవంక కనపడింది. దాని వంపు వెంబడి వేలితో తడిమాడు. తర్వాత నా తెగిన వేలు చూశాడు.

"ఇదేంట్రా, మా తాతకి కొడవలి చెక్కావు?" అన్నాడు. "పైగా తల్లకిందులు చేశావు. పట్టు, పట్టరా, చూస్తావేంటి!"

ఇద్దరం దుంగని పీకి తిప్పి నిలబెట్టాం. నాకు ఏడుపాగలేదు. వాగునీళ్ళు మొహాన కొట్టుకున్నాను కాబట్టి ఎవరికీ తెలియలేదనుకున్నాను. ఒడ్డు మీద నుంచి లాల్‌బీతో సుబ్బరావమ్మ అంటోంది: "చూడు, మళ్ళీ తిట్టుకోవడం మొదలుపెట్టారు. ఇంక మన చెవులు పోయినట్టే."

"తొక్కరా," అన్నాడు గౌస్. ఇద్దరం భుజాల మీద చేతులేసుకుని బంకమట్టి తొక్కాం. కాలివేళ్ళ సందుల్లోంచి బురద చల్లగా పైకొస్తుంటే, పెద్దాయన మా ఊరికి తప్పిస్తానన్నది ఈ సుఖమే కదా అనిపించి ఆయన్ని ఇంకో బూతు తిట్టాను.

మాఘంలో రెండో తడి పడింది. కాయ ఎర్రగా వచ్చింది. జాడీ మా ఇంటికి వచ్చింది.

నా మీద కేసు కూడా వచ్చింది. ఐదేళ్ళుగా నడుస్తోంది. పెద్దాయన పార్టీ మారాడు, పదవి మారలేదు. లక్ష్మీకాంత్ ఇప్పుడు రోడ్లు వేస్తున్నాడు, వేశాడని ఇంకెవడో సంతకాలు పెడుతున్నాడు. రెండు మూడు నెలలకోసారి నేను ఒంగోలు వాయిదాకి వెళ్తాను. వెళ్ళిన ప్రతిసారీ కడుపు మండిపోతుంది. గౌస్ గాడు పని మానుకుని తోడొస్తాడు. పన్నెండు గంటలకి కోర్టు వరండాలో కింద కూర్చుని, లాల్‌బీ కట్టిన పచ్చడన్నం మూట విప్పుతాడు. చుట్టూ లాయర్లు, పోలీసులు, బేడీలు వేసిన వాళ్ళూ వెళ్తుంటారు. వాడు పెద్ద ముద్ద కలిపి నా చేతిలో పెట్టి, వరండా అంతా వినపడేలా అంటాడు:

"తినరా, దొంగా."

తింటాను.